తీగకు రెండో చివర

అమ్మాయ్,

నీ కథ అందింది. పద్నాలుగు పేజీలు. మొదటిసారి మధ్యాహ్నం భోజనం అయ్యాక చదివితే నిద్రొచ్చింది. తప్పు నీదో, గోంగూర పచ్చడిదో తేల్చుకుందామని మర్నాడు పొద్దున్నే కాఫీ తాగి మళ్ళీ చదివాను. పచ్చడి తప్పేం లేదు.

మొహం ముడుచుకోకు. ఎంచుకున్న విషయం మంచిది. 1861 నుంచి 1865 దాకా అమెరికా అంతర్యుద్ధంలో లింకన్‌కీ, ఆయన సేనాపతులకీ మధ్య నడిచిన టెలిగ్రాముల మీద తెలుగులో కథ రాయాలని ఎవరికి తోస్తుంది? నీకు తోచింది. చదవడం కూడా బాగానే చదివావు. చిక్కెక్కడంటే, లింకన్ టెలిగ్రాముల్లోంచి మంచి మంచి వాక్యాలు ఏరి దండ గుచ్చావు. లెక్కపెట్టాను, ఏడు చమత్కారాలు. ఏడూ లింకన్‌వే. ఎదుటివాడు ఏమడిగితే ఆయన అలా అన్నాడో, ఆ మాట అందాక ఎదుటివాడు ఏమయ్యాడో ఒక్కచోటా లేదు. కథంతా ఒక మనిషి గోడతో మాట్లాడుతున్నట్టుంది.

నువ్వు టెలిగ్రాం చూసి ఉండవు. మన దేశంలో 2013 జులైలో ఆపేశారు, అప్పటికి నువ్వు చిన్నపిల్లవి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడేళ్ళు ఒక చిన్న ఊరి పోస్టాఫీసులో కౌంటర్ వెనక కూర్చుని టెలిగ్రాం ఫారాలు తీసుకున్నాను. ఒకరోజు ఒక పెద్దాయన వచ్చాడు. మనిషి దుక్కలా ఉన్నాడు, నోట్లో చుట్ట. "మా వాడికి టెలిగ్రాం కొట్టాలి, ఇంగ్లీషులో రాసిపెట్టు బాబూ" అన్నాడు. ఏం రాయమంటారు అంటే, "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అన్నాడు. ఎవరి ఫాదరండీ అన్నాను. "నేనేనయ్యా" అన్నాడు. కొడుకు బొంబాయిలో ఉద్యోగమట, రెండేళ్ళుగా ఊరి మొహం చూడలేదట, ఉత్తరాలకి జవాబు లేదట. నేను మాటలు లెక్కపెట్టాను. అడ్రసులో మాటలకి కూడా డబ్బులు పడేవి. ఆయన రొంటిన దోపుకున్న నోట్లు తీసి కట్టి, చుట్ట మళ్ళీ వెలిగించుకుని వెళ్ళిపోయాడు. ఆ కొడుక్కి అందింది నాలుగు మాటలు. నాకు కనపడింది చుట్ట.

నీ కథలో ఆ చుట్ట లేదు. నా ఫిర్యాదంతా అదే. ఇక వరసగా చెప్తాను.

మొదటి పేజీలో వైట్‌హౌస్‌లో, లింకన్ బల్ల పక్కనే టెలిగ్రాఫ్ యంత్రం టకటకలాడుతూ ఉంటుంది. తీసెయ్. వైట్‌హౌస్‌లో తీగే లేదు. అది పక్కనున్న యుద్ధశాఖ భవనంలో ఉండేది. దేశాధ్యక్షుడు ఆవరణ దాటుకుని అక్కడికి నడిచి వెళ్ళేవాడు. రోజూ వెళ్ళేవాడు, పెద్ద యుద్ధం జరుగుతుంటే రాత్రిళ్ళు అక్కడే గడిపేవాడు. ఇదేదో చిన్న దిద్దుబాటని అనుకోకు. కబురు మన దగ్గరికి రావడం వేరు, కబురు ఉన్నచోటికి మనం వెళ్ళి నిలబడడం వేరు. ఆస్పత్రి వరండాలో ఆపరేషన్ థియేటర్ తలుపు వైపు చూస్తూ నిలబడేవాళ్ళని చూశావు కదా. కథ అక్కడ మొదలుపెట్టు.

వచ్చిన సందేశాల నకళ్ళు అక్కడ ఒక సొరుగులో ఉండేవి, కొత్తవి పైన. లింకన్ వచ్చి సొరుగు లాగి, పైనుంచి ఒక్కొక్కటీ చదువుకుంటూ పోయి, ముందు చదివేసిన కాగితం తగలగానే ఆగి, "సరే అబ్బాయిలూ, కిస్‌మిస్‌ల దాకా వచ్చాను" అనేవాడట. ఏమిటా మాట అని కుర్రాళ్ళు అడిగితే కథ చెప్పాడు. పుట్టినరోజునాడు ఒక చిన్నపిల్ల కనపడిందల్లా తిని, కిస్‌మిస్‌లు కూడా తిని, రాత్రి వాంతులు పట్టుకుంది. డాక్టరు వచ్చి గిన్నెలోకి తొంగిచూసి, "కిస్‌మిస్‌ల దాకా వచ్చింది, ఇక భయం లేదు" అన్నాడట. ఇది అక్కడ పనిచేసిన ఆపరేటరు డేవిడ్ హోమర్ బేట్స్ తర్వాతి రోజుల్లో రాసుకున్న ముచ్చట. సరిగ్గా ఇదే చోట నువ్వు "లింకన్ కళ్ళల్లో మెరుపు మెరిసింది" అని రాశావు. ఆ మెరుపు తీసేసి వాంతి పెట్టు.

ఇప్పుడు గుర్రాల సంగతి. ఇక్కడ కాసేపు ఆగాలి.

1862 సెప్టెంబర్ 17న యాంటీటమ్ దగ్గర ఘోరమైన యుద్ధం జరిగింది. దక్షిణాది సేనాపతి లీ వెనక్కి తగ్గి నది దాటిపోయాడు. ఉత్తరాది సేనాపతి మెక్‌లెలన్ వెంటపడలేదు. ఒక వారం, రెండు వారాలు, ఐదు వారాలు. అక్టోబర్ చివర్లో, గుర్రాలు అలిసిపోయాయి, నాలుకలు పుండ్లు పడ్డాయి అని అతని దగ్గర్నుంచి కబురొచ్చింది. దానికి లింకన్ కొట్టిన జవాబు నువ్వు రాసిందే. యాంటీటమ్ యుద్ధం తర్వాత మీ గుర్రాలు అంత అలిసిపోయే పని ఏం చేశాయో అడిగితే ఏమీ అనుకోరు కదా అని. నువ్వు అక్కడ ఆపేశావు. పాఠకుడు నవ్వుతాడు, లింకన్ గెలుస్తాడు, చుక్క పెట్టి పేరా మారతావు.

నేనూ అక్కడే ఆపాను. ముప్పై ఏళ్ళ కిందట ఒక వారపత్రికకి దీని మీదే వ్యాసం రాసి, మెక్‌లెలన్‌ని చాకిరేవు పెట్టాను. నెల తిరక్కుండా ఒంగోలు వైపు నుంచి ఒక పశువుల డాక్టరు గారి కార్డు వచ్చింది. "గాలికుంటు పట్టిన ఎద్దుని ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? నోరంతా పుండై గడ్డిపరక ముట్టదు. గుర్రాలకి గాలికుంటు రాదు గానీ, నాలుక పుండు ఏ జంతువుకైనా పుండే. తినంది నడవదు. మీ అధ్యక్షుడు గారు గుర్రాన్ని చూసి అడిగారా, కాగితాన్ని చూసి అడిగారా?" అని. కార్డు కదా, మా పోస్ట్‌మాన్ కూడా చదివే ఉంటాడు. సిగ్గేసింది.

అప్పుడు కూర్చుని తీగకు రెండో చివర వెతికాను. మెక్‌లెలన్ ఉత్తినే అనలేదు. మసాచుసెట్స్ అశ్వికదళం కల్నల్ ఒకాయన లెక్క రాసిచ్చాడు. శిబిరంలో ఉన్నవి 267 గుర్రాలు, వాటిలో 128 అడుగు బయట పెట్టలేవు. నాలుక పుండ్లు, కాళ్ళ జబ్బు, దాంతో కుంటితనం. అంటే లింకన్ వేసిన చురక నిజంగా జబ్బుపడ్డ జంతువుల మీద పడింది. మెక్‌లెలన్‌కి మండింది. తన అశ్వికదళం ఏమేం పనులు చేసిందో ఏకరువు పెట్టి పంపాడు. మీకు సంగతులు నాకన్నా బాగా తెలుసు అని ఒప్పుకుంటూనే, అవతలివాళ్ళ అశ్వికదళం మనవాళ్ళని మించి తిరిగింది కదా అని లింకన్ మళ్ళీ పొడిచాడు. అక్టోబర్ 27న ఇంకో టెలిగ్రాం కొట్టాడు. ఎవరికీ అన్యాయం చెయ్యాలన్నది నా ఉద్దేశం కాదు, చేసి ఉంటే చాలా బాధపడుతున్నాను, అని మొదలవుతుంది అది. ఆ వెంటనే లెక్క. ఐదు వారాలకు పైగా సైన్యం కదల్లేదు. ఆ ఐదు వారాల్లో మేం పంపగలిగిన ప్రతి కొత్త గుర్రాన్నీ మీకు పంపాం, మొత్తం 7,918. అయినా గుర్రాలు కదల్లేవంటే ఇక ముందుముందు ఆశ ఏం మిగులుతుంది, ఆ నిస్పృహలో నా మాటల్లో కాస్త అసహనం దొర్లిందేమో, అన్నాడు.

ఆ అంకె చూశావా? సుమారు ఎనిమిది వేలు అనలేదు. పద్దు పుస్తకం పక్కన పెట్టుకుని క్షమాపణ చెప్తున్నాడు. మన ఇళ్ళల్లో పెద్దన్నయ్య తమ్ముడికి రాసే ఉత్తరం గుర్తు రావడం లేదూ? "నీ మనసు కష్టపెట్టి ఉంటే ఏమనుకోకు, కానీ పోయిన సంక్రాంతి నుంచి నీకు పంపిన మొత్తం ఇంత." ఆ అన్నయ్య మంచివాడే. కానీ ఆ ఉత్తరం అందాక ఆ ఇంట్లో వాటాలు వేరుపడతాయి. ఇక్కడా అంతే అయింది. నవంబర్ 5న మెక్‌లెలన్‌ని తీసేస్తూ ఉత్తర్వు రాశారు. దాన్ని తీగ మీద పంపలేదు. ఒక అధికారి చేతికిచ్చి పంపితే, 7వ తేదీ రాత్రి మంచు కురుస్తుండగా మెక్‌లెలన్ గుడారానికి చేరింది.

నీ పద్నాలుగు పేజీల్లో ఆరు ఈ గుర్రాలకే ఇవ్వు. ఎవరు రైటో తేల్చకు. ఇద్దరి దగ్గరా సరైన అంకెలున్నాయి, తమాషా అంతా అందులోనే ఉంది.

తీగకు రెండు చివరలే కాదు, మధ్యలో ఇంకొకడు ఉంటాడు. వాణ్ణి నువ్వు పూర్తిగా మర్చిపోయావు. 1862 జూన్ 28, అర్ధరాత్రి దాటింది. రిచ్‌మండ్ దగ్గర దెబ్బతిని వెనక్కి తగ్గుతున్న ఇదే మెక్‌లెలన్ యుద్ధమంత్రి స్టాంటన్‌కి పొడుగాటి టెలిగ్రాం పంపాడు. చివర్లో కడుపుమంట కక్కేశాడు. ఈ సైన్యాన్ని నేను కాపాడుకోగలిగితే అందుకు మీకు గానీ వాషింగ్టన్‌లో మరెవరికి గానీ రుణపడి లేను, దీన్ని బలిపెట్టడానికి మీరు చెయ్యగలిగినంతా చేశారు, అన్నాడు. యుద్ధం నడుస్తుండగా ఒక సేనాపతి ప్రభుత్వాన్ని ఆ మాట అనడం మామూలు విషయం కాదు. కానీ స్టాంటన్ చేతికి వచ్చిన కాగితంలో ఆ రెండు వాక్యాలు లేవు. టెలిగ్రాములు చూసే అధికారి వాటిని కొట్టేసి, మిగతాది శుభ్రంగా నకలు రాయించి పంపాడు. అన్నవాడికి తన మాట చేరలేదని తెలియదు. విననివాడికి తనని అన్నారని తెలియదు. లింకన్ అటునుంచి, ఎలాగైనా సైన్యాన్ని కాపాడుకో, వీలైనంత త్వరగా అదనపు బలగం పంపుతాం అని జవాబిచ్చాడు. అంత మాట అన్నా ఇంత మెత్తగా జవాబొచ్చిందేమిటని మెక్‌లెలన్ అనుకుని ఉంటాడా? ఆ కలం పట్టుకున్న అధికారి ఆ రాత్రి ఏమనుకుని ఉంటాడు? రికార్డు ఇంతవరకే చెప్తుంది. ఇక్కణ్ణుంచి కథకురాలిగా నీ పని.

ఆ గదిలో కుర్రాళ్ళ గురించి కూడా నాలుగు మాటలు రాయి. వాళ్ళు సైనికులు కారు, జీతానికి పనిచేసే మామూలు ఆపరేటర్లు. మొదటి నలుగుర్ని పెన్సిల్వేనియా రైల్వే నుంచి రప్పించింది ఆండ్రూ కార్నెగీ. తర్వాత ఉక్కు కోటీశ్వరుడైన ఆయనే, అప్పట్లో రైల్వే ఉద్యోగి. దేశం గుట్టంతా ముందు ఈ కుర్రాళ్ళ చేతుల్లోంచి పోయేది. సందేశాన్ని వాళ్ళు దాచే పద్ధతి చిత్రంగా ఉండేది. అక్షరాలు మార్చరు, మాటల్నే గళ్ళల్లో వరసగా రాసి, నిలువు వరసల్లో ఒకదాన్ని పైకీ ఒకదాన్ని కిందకీ ఎత్తి రాస్తారు. పేర్లకి మారుపేర్లు, మధ్యమధ్య చెత్త మాటలు. నువ్వు దీనికి ఒకటిన్నర పేజీ ఖర్చుపెట్టి, గణితం పాఠంలా చెప్పావు. అవసరం లేదు. చిన్నప్పుడు మనం క-భాష మాట్లాడుకున్నాం కదా? "కనీ కపే కరే కమి?" అని. పక్కన పెద్దవాళ్ళుండగా మాట్లాడుకున్న ఆ ఆనందం పట్టుకో చాలు.

అలాంటిదే ఒకటి చెప్తాను. 1862 నవంబర్ 25న లింకన్ నుంచి జనరల్ బర్న్‌సైడ్‌కి ఒక టెలిగ్రాం వెళ్ళింది. మొదటి నుంచి చదివితే పిచ్చివాడి ప్రేలాపన. చివరి నుంచి వెనక్కి, చెవితో చదవాలి. "టుమారో" అన్న మాటని టామ్, మూర్, రో అని విరిచి తిరగేశారు. "ఎ బోట్" అన్నది అబాట్ అనే మనిషి పేరైంది. అంతా విప్పితే ఉన్నది ఇంతే: రేపు బుధవారం చీకటిపడే వేళకి ఆక్వియా క్రీక్ దగ్గర పడవలో ఉంటాను, ఇబ్బంది లేకపోతే వచ్చి ఒకటి రెండు గంటలు గడపగలరా? ఎంత మర్యాదగా అడిగాడో చూడు, ఇబ్బంది లేకపోతేనట. అధ్యక్షుడు సేనాపతిని.

ఇక అనువాదం. ఇందులో నీకు చెయ్యి ఉంది, అందుకే ఒక తప్పుని పట్టుకుని పీడిస్తాను. 1863 జూన్‌లో జనరల్ హుకర్‌కి పంపిన ఎద్దు టెలిగ్రాం బాగా కుదిరింది. నది దగ్గర ఇరుక్కోవద్దు, దడి మీంచి సగం దూకి చిక్కుకున్న ఎద్దులా అవుతావు, ముందూ వెనకా కుక్కలు పీకుతుంటే ఇటు పొడవనూ లేవు, అటు తన్ననూ లేవు, అన్నది. అది తెలుగులో పుట్టినట్టే ఉంది. లింకన్ పల్లెటూరివాడు, మనమూ అంతే, పేచీ లేదు. కానీ 1864 ఆగస్ట్ 17న సిటీ పాయింట్‌లో ఉన్న ఉత్తరాది సేనాపతి గ్రాంట్‌కి పంపినదాంట్లో "ఉడుంపట్టు పట్టు" అని రాశావు. అసలు మాట బుల్‌డాగ్ పట్టు. మన నుడికారం వాడాలని తాపత్రయపడ్డావు, మెచ్చుకుంటాను. కానీ ఉడుము పట్టుకుని ఊరుకుంటుంది. దాని పట్టు గోడ మీద. లింకన్ అక్కడితో ఆగలేదు, పట్టి ఉంచి, వీలైనంతవరకు నములు, గొంతు బిగించు అన్నాడు. ఉడుము నమలదు. నీ సొంత కథనంలో ఉడుంపట్టు ఎన్నిసార్లయినా వాడుకో, ఆయన నోట మాత్రం కుక్కనే ఉంచు. ఆ టెలిగ్రాం చదివి గ్రాంట్ పెద్దగా నవ్వాడట, సలహాదారులందరికన్నా అధ్యక్షుడికే గుండెనిబ్బరం ఎక్కువ అన్నాడట. ఆ నవ్వు కూడా కథలోకి రావాలి. ఏడు చమత్కారాల్లో ఇదొక్కటే అవతలివాడు కూడా నవ్వింది.

చమత్కారం లేని టెలిగ్రాముల్ని నువ్వు వదిలేశావు. నాకైతే అవే ఎక్కువ ఇష్టం. 1862 మే 27న జనరల్ ఫ్రెమాంట్‌కి: నువ్వు మూర్‌ఫీల్డ్‌లో ఉన్నట్టు తెలుస్తోంది, హారిసన్‌బర్గ్ వెళ్ళమని స్పష్టంగా చెప్పాం, దీని అర్థం ఏమిటి? అదే ఏడాది ఆగస్ట్ 29న, మనాసస్ దగ్గర రెండో యుద్ధం నడుస్తుంటే, ఒక రైల్వే కల్నల్‌కి: మనాసస్ జంక్షన్ వైపు నుంచి ఏమైనా తెలిసిందా? మామూలుగా ఏమిటి సంగతులు? ఆ రెండో ప్రశ్న చూడు. మొదటిది అధ్యక్షుడు అడిగాడు. రెండోది కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న మనిషి అడిగాడు. సేనాపతుల నుంచి కబురు లేక, రైళ్ళు నడిపించేవాణ్ణి పట్టుకుని అడుగుతున్నాడు.

మేకల టెలిగ్రాం ఎందుకు కొట్టేశావు? యుద్ధానికి సంబంధం లేదని మార్జిన్‌లో రాసుకున్నావు. 1864 ఏప్రిల్ 28న, న్యూయార్క్‌లో ఉన్న భార్యకి: టాడ్‌తో చెప్పు, మేకలూ నాన్నా బాగున్నారు, ముఖ్యంగా మేకలు. టాడ్ చిన్నకొడుకు. ఇంకో వారానికి గ్రాంట్ నది దాటి విల్డర్‌నెస్ అడవుల్లోకి దిగుతాడు, వేలమంది పోతారు. మేకలు బాగున్నాయి, మరి నాన్న? ఆ టెలిగ్రాం మళ్ళీ పెట్టు. ఏమీ వ్యాఖ్యానించకు, తేదీ మాత్రం వెయ్యి.

ముగింపు. 1865 ఏప్రిల్ 7. గట్టిగా ఒత్తిడి పెడితే లీ లొంగిపోతాడనుకుంటున్నాను అని గ్రాంట్ కింది సేనాపతి షెరిడన్ ముందురోజు ఆయనకి కబురు పంపాడు. అది చూసి లింకన్ గ్రాంట్‌కి కొట్టాడు: షెరిడన్ ఇలా అంటున్నాడు, అలాగే ఒత్తిడి పెట్టండి. రెండు రోజుల తర్వాత లీ లొంగిపోయాడు. దీని తర్వాత నువ్వు ధర్మం గురించి, విజయం గురించి ఒక పేరా రాశావు. ఆ పేరా ఎవరికి టెలిగ్రాం? ఎవరూ అందుకోవడం లేదు. కొట్టెయ్.

ఇంకొక్కటి, టెలిగ్రాం కానిది. 1863 జులై 14. గెటిస్‌బర్గ్‌లో గెలిచాక కూడా ఉత్తరాది సేనాపతి మీడ్ చేతుల్లోంచి లీ మళ్ళీ నది దాటి తప్పించుకున్నాడు. అధ్యక్షుడు చాలా అసంతృప్తిగా ఉన్నారని సర్వసేనాని హాలెక్ వాషింగ్టన్ నుంచి తంతి పంపాడు. మీడ్ రోషపడి, అయితే నన్ను తప్పించండి అని ఆ మధ్యాహ్నమే తిరుగు తంతి కొట్టాడు. అబ్బే, అది మందలింపు కాదు, ఉత్సాహపరచడానికి అన్నాం అని హాలెక్ సర్దుబాటు. ఇదంతా ఒక్క పూటలో, తీగ మీద. అదే రోజు లింకన్ మీడ్‌ని ఊరడిద్దామని కాగితం తీశాడు. బాగానే మొదలుపెట్టాడు, నీకు నొప్పి కలిగించినందుకు విచారిస్తున్నానని. రాస్తూ రాస్తూ ఉండగా లోపలిది బయటికొచ్చేసింది. బంగారంలాంటి అవకాశం పోయింది, నా బాధకి అంతులేదు, అన్నాడు. రాయడం పూర్తిచేసి, మడిచి కవరులో పెట్టి, పైన "జనరల్ మీడ్‌కి, పంపలేదు, సంతకం చెయ్యలేదు" అని రాసి దాచేశాడు.

నీ కథ రెండోసారి చదివిన రోజే నీకు ఒక ఉత్తరం రాశాను. అదీ బాగానే మొదలైంది. మూడో పేజీకొచ్చేసరికి తప్పింది. అది బీరువాలో ఉంది. నీకు అందింది రెండోది.

వచ్చే నెల రెండో వారంలో నాకు కంటి ఆపరేషన్ పెట్టుకున్నారు. ఈలోగా గుర్రాల భాగం తిరగరాసి పంపితే నేనే చదువుతాను. ఆలస్యమైతే మా ఆవిడ చదివి వినిపించాలి. ఆవిడ మధ్యమధ్య నచ్చని వాక్యాలు వదిలేసి చదువుతుంది, చెప్పదు కూడా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు